సెకండ్ అంటే ఏంది సార్?

పుంగనూరులో ఉండే మా చెల్లెలి మనవరాలు మొన్న బడిలో ఇచ్చిన పని పట్టుకొని వచ్చి, "తాతా, సెకండ్ అనే మాట యాడ నుంచి వచ్చిండాది?" అని అడిగింది. ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పినవాణ్ణి కదా, తడుముకోకుండా చెప్పేశాను. కానీ చెప్తుంటేనే నా మీద నాకే రోత పుట్టింది.

అప్పట్లో నేను కుప్పం నుంచి మదనపల్లెకు కొత్తగా ఉద్యోగానికి వచ్చినవాణ్ణి. మార్కుల జాబితా మీద క్లాసు టీచరు, హెడ్మాస్టరు ఇద్దరూ సంతకం చేసే రోజులవి, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేను క్లాసు టీచరుగా ఉన్న తొమ్మిదో తరగతిలో మిషన్ ఆసుపత్రి ఆయా కూతురు ఒకతె ఉండేది. వేళ్లనిండా సిరా మరకలు, ఒక్క మాట అర్థం కాకపోయినా మనల్ని వదిలిపెట్టని పిల్ల. ఆ ఏడు మొదటి స్థానం ఆమెదే. రామసముద్రం వైపు పెద్ద రైతు ఒకాయన బడికి రెండు గదులు కట్టిస్తానని మాటిచ్చి ఉన్నాడు. ఆయన మనవడు ఆమె తర్వాత వచ్చాడు. హెడ్మాస్టరు వక్కపొడి నములుతూ ఇద్దరి స్థానాలూ తారుమారయ్యేలా రెండు అంకెలు దిద్ది, సంతకం చేసి, కలం నా చేతిలో పెట్టాడు. నేనూ సంతకం పెట్టాను. ఆలోచించలేదు సరికదా, కలం బాగా రాస్తోందని మెచ్చుకున్నాను కూడా.

జాబితా గోడకు అంటించిన సాయంత్రం ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, "సెకండ్ అంటే ఏంది సార్?" అంది. నేను పండితుడిలా మొదలుపెట్టాను. పాత ఇంగ్లీషులో రెండోదాన్ని 'అదర్' అని, అంటే ఇంకొకటి అని మాత్రమే అనేవాళ్లనీ, ఆ తర్వాత ఫ్రెంచివాళ్ల ద్వారా ఈ లాటిన్ మాట వచ్చిందనీ, దానికి వెంట నడిచేది అని అర్థమనీ చెప్పాను. అంతా విని, "నేను ఎవురెనకాల నడిసినాను సార్?" అంది.

ప్రైజులిచ్చే రోజు ఆమె వేదికెక్కి, రెండో బహుమతిగా ఇచ్చిన నిఘంటువు బల్ల మీదే పెట్టి దిగిపోయింది. అసలు అసహ్యం మరునాడు. వాళ్లమ్మ ఆసుపత్రి చీరతోనే వచ్చి, చేతులు కట్టుకొని, "పసిబిడ్డ, తెలీక సేసిండాది. మనసులో పెట్టుకోవద్దండి సార్" అని బతిమాలింది. నిజం తెలిసిన ఇద్దరం కుర్చీల్లో కూచొనే ఉన్నాం. "సరేలేమ్మా, ఇంగ పో" అని హెడ్మాస్టరు పెద్దమనసుతో క్షమించాడు. నేనూ తలూపాను.

ఆ పిల్ల మళ్లీ మా బడికి రాలేదు. కుప్పంలో పిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటోందని విన్నాను. మా సొంతూరూ కుప్పమే కాబట్టి, సెలవులకు వెళ్లినప్పుడల్లా ఆమె ఎక్కడ ఎదురుపడుతుందోనని, బజారు వీధి వదిలేసి రైల్వే స్టేషను వెనక దారిన దొంగలా ఇంటికి పోయేవాణ్ణి.

ఇప్పుడు ఒక్క మార్కు తగ్గితే తల్లులు బడికొచ్చి పేపరు చూపించమని నిలదీస్తున్నారు. నా ఈడు మేష్టర్లు కలిసినప్పుడు, ఆ కాలపు మర్యాదలు పోయాయని నిట్టూరుస్తారు. ఆ రోజులంటే నాకూ మమకారమే. కానీ వాళ్లు మర్యాద అంటున్నది, తప్పు చేసిన మా ముందు ఏ తప్పూ చేయనివాళ్లు తలొంచుకు నిలబడడాన్నే. అది పోయింది. కాస్త ముందే పోయుంటే బాగుండేది.