తప్పుకోండి, కారు వస్తోంది

ఆ రోజుల్లో మా ముత్తాతగారు మొఖాసాదారు, అంటే కొన్ని ఊళ్ళ భూములకు హక్కుదారు. ఆయన బండి వీధిలోకి వస్తే ముందు ఒక మనిషి పరుగెత్తుతూ "తప్పుకోండి, తప్పుకోండి" అని కేక వేసేవాడట. మా తాతగారు తాలూకా బోర్డు ప్రెసిడెంటు. ఆయన కాలానికి ఆ మనిషి పోయి, అంతే గట్టిగా మోగే ఇత్తడి హారన్ వచ్చింది. మా నాన్నగారి వంతుకు ఒక పెట్రోలు కారు మిగిలింది; దాని హారన్‌కు గొంతు పూడుకుపోయింది. నేను హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరేనాటికి నాకు సంక్రమించినవి ఆ కారు, తాతగారి ఇంకు కలం. (నిటారుగా ఉండే వెన్నెముక కూడా వారసత్వమేనని మా అమ్మ అంటుంది. ఆఫీసు కుర్చీలకు ఆ సంగతి తెలియదు.)

మాదాపూర్‌లో నాకోసం ఎవరూ తప్పుకునేవారు కాదు. తిండి పొట్లాలు మోసే కుర్రాళ్ళ బైకులు రెండు వైపుల నుంచీ దూసుకుపోయేవి. ఒకరోజు సైకిలు మీద టీ డబ్బా కట్టుకున్న పెద్దమనిషి వెనక నుంచి బెల్లు కొట్టి నన్నే పక్కకు జరగమన్నాడు. జరిగాను. ఆ సాయంత్రమే కారును బోరబండలో, అందరూ ఉస్తాద్ అని పిలిచే మెకానిక్ దగ్గరికి తోలుకెళ్ళాను. నా బాధ విని అతను ఎంతో దయగా, "ఫికర్ చెయ్యకు సారూ. గీ పాత డబ్బాలన్నీ పీకేసి కొత్త ఫిల్టర్, కొత్త సైలెన్సర్ ఏస్త. మాదాపూర్ మొత్తం జరిగి తొవ్వ ఇస్తది" అన్నాడు. గాలిని వడగట్టే పెట్టె పోయి, దాని చోట తెరిచిన గరాటు లాంటి ఫిల్టర్ వచ్చింది. పొగను శుభ్రం చేసే డబ్బా పోయింది. పొగలో కొంత మళ్ళీ ఇంజన్లోకి పంపే గొట్టమూ పోయింది. కారు గర్జించింది. నాకు కళ్ళు చెమర్చాయి.

అయితే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా దానికి చలిజ్వరం వచ్చేది. స్టీరింగు, నేను, నా కళ్ళజోడు, ముగ్గురమూ వణికేవాళ్ళం. ఉస్తాద్ ప్లగ్గులు మార్చాడు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పెట్రోల్లో నీళ్ళు కలిశాయన్నాడు. మా పిన్ని దిష్టి అని తేల్చి ముందు బంపరుకు నిమ్మకాయ కట్టింది. ఆ వణుకుకు నిమ్మకాయే ఊడి పడిపోయింది. ఆఫీసులో మాత్రం, గొప్ప ఇంజన్లన్నీ ఇలాగే ఉంటాయని చెప్పుకుంటూ వచ్చాను.

మా టీం లీడ్ ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేది. (ఆవిడ లేనప్పుడు మేమంతా హార్మోనియం మేడం అనేవాళ్ళం.) ఆవిడ చెల్లెలి పెళ్ళికి మాట్లాడుకున్న కారు ముందురోజు రానంది. మేడం దిగులుగా కూర్చుంటే నేను లేచి నిలబడి, మా కారు ఉందన్నాను. అంతటితో ఆగక, మా ఇంటి కారెక్కినవాళ్ళు దారిలో దిగిన చరిత్ర లేదన్నాను. పెళ్ళి జరిగే మియాపూర్ చర్చిలో ఆ వెంటనే ఇంకో పెళ్ళి ఉంది. ఆలస్యమైతే వీళ్ళ పెళ్ళి సాయంత్రానికి పోతుంది. పెళ్ళికొడుకు నాయనమ్మను దవాఖాన వాళ్ళు మధ్యాహ్నం వరకే బయటికి పంపారు.

పెళ్ళికూతురిని ఎక్కించుకుని గోపన్‌పల్లి నుంచి బాగానే బయలుదేరాం. చందానగర్ సిగ్నల్ దగ్గర కారు చచ్చిపోయింది. స్టార్ట్ చేస్తే గర్జిస్తుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే పోతుంది. వెనక బైకు మీద వస్తున్న పెళ్ళికూతురి అన్నలిద్దరూ సూట్లతోనే దిగారు. ఒకతను వెనక నుంచి తోశాడు. రెండో అతను ముందు పరుగెత్తుతూ, చేయెత్తి, "తప్పుకోండి, తప్పుకోండి, కారు వస్తోంది" అని కేకలు వేశాడు. బస్సులు కూడా తప్పుకున్నాయి. నాకు తెలియకుండానే నడుం నిటారుగా అయింది.

వెనక సీట్లోంచి ముసుగు లోపలి గొంతు వినిపించింది. "మీ పరువు తర్వాత చూసుకుందామండి. ముందు నాకు పెళ్ళి కావాలి. ఆటో పిలవండి."

దిగవద్దని బతిమాలాను. ఈలోగా నా పక్కన కూర్చున్న మేడం దిగి, బానెట్ ఎత్తించి, ఇంజన్ ఆగకుండా నన్ను కాలు నొక్కి ఉంచమని, పాట మొదలుపెట్టే ముందు వంచినట్టు తల ఒక పక్కకు వంచి విన్నది.

"బుస్సుమంటోందండి. మా హార్మోనియం తిత్తి చిరిగినప్పుడు అచ్చం ఇలాగే ఏడ్చింది."

వేలంత రబ్బరు గొట్టం ఒకటి పట్టుకుని దాని నోటి మీద బొటనవేలు పెట్టింది. వణుకు ఆగిపోయింది. కాలు తీశాను, అయినా ఆగలేదు. ఉస్తాద్ పొగను మళ్ళీ ఇంజన్లోకి పంపే గొట్టం పీకినప్పుడు దానికి తగిలించి ఉన్న ఈ గొట్టాన్ని మూయడం మరిచిపోయాడు. దొంగగాలి అందులోంచి లోపలికి పోతోంది. మూడు తరాల మా ప్రతిష్ఠ ఆ క్షణాన మేడం బొటనవేలి కింద ఉంది.

"మియాపూర్ దాకా నేను ఇలా వేలు పెట్టుకుని రాలేనండి. బిరడా లాంటిది ఏమైనా ఉందా?"

నా జేబులో తాతగారి కలం ఉంది. దాన్ని మా ఇంట్లో పిల్లల చేతికి కూడా ఇచ్చేవాళ్ళు కాదు. పెళ్ళికూతురు ముసుగు ఎత్తి నా జేబు వంకే చూసింది. మూత తీసి ఇచ్చాను. గొట్టంలో దిగి బిగుసుకుంది, దానికోసమే చేసినట్టు.

మేం వెళ్ళేసరికి పాస్టరుగారు మెట్ల మీద నిలబడి గడియారం చూసుకుంటున్నారు. పెళ్ళి జరిగింది. నాయనమ్మ ముందు వరసలో కూర్చుని నవ్వింది. మూత లేని కలాన్ని నేను అలవాటు కొద్దీ జేబులోనే పెట్టుకున్నాను. మేడం ఇంటి ఆల్బంలో ఇప్పటికీ ప్రతి ఫొటోలోనూ నేను ఉన్నాను: పట్టు చొక్కా, గుండె మీద అరచేయంత నల్లటి ఇంకు మరక, నిటారైన వెన్ను. వాళ్ళ పిల్లలు ఆ మరక వేలితో చూపించి, ఈ అంకుల్ ఎందుకంత గర్వంగా ఉన్నాడని అడుగుతారట. నాకూ చూడగానే నవ్వొస్తుంది, ఆ కుర్రాడి మీద కొంచెం ముద్దూ వస్తుంది.

ఆ కలంతోనే తాతగారు మొఖాసా భూములు అమ్మిన దస్తావేజుల మీద సంతకాలు చేశారు. కారును మరుసటి ఏడు నేను అమ్మాను. మూత దానితోపాటే పోయింది.