ఆవరేజ్ బాగా వచ్చిందన్న రోజు

మా నాందేడ్‌లో బండి కొన్నవాణ్ణి ఎవరూ ముందు ధర అడగరు, ఆవరేజ్ ఎంతిస్తుందని అడుగుతారు. లీటరు డీజిల్‌కి ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందన్నదే ఆ ఆవరేజ్. చాయ్ బండి దగ్గర డ్రైవర్లు దాని గురించి పిల్లల మార్కుల గురించి మాట్లాడినట్టే మాట్లాడుకుంటారు. మా ఆయన సెకండ్ హ్యాండ్ పికప్ కొన్న కొత్తలో ఆ ముచ్చట్ల మధ్య తల దించుకుని కూర్చునేవాడు. అమ్మినవాడు పద్నాలుగు ఇస్తుందన్నాడు. ఊళ్లో తిరిగితే పది కూడా రావడం లేదు.

నాకది పెద్ద వింతేమీ అనిపించలేదు. మార్కెట్ సందుల్లో ఫస్ట్ గేరు, సెకండ్ గేరు, మళ్లీ బ్రేకు. రైల్వే గేటు దగ్గర ఇంజన్ ఆన్‌లోనే ఉంచి నిలబడడం. బండి నిలబడ్డా డీజిల్ తాగుతూనే ఉంటుంది, కిలోమీటరు మాత్రం కదలదు. అదే బిలోలి రోడ్డెక్కితే టాప్ గేరులో ఒకే తీరుగా పోతుంది కాబట్టి పద్నాలుగు దాకా వస్తుంది. ట్యాంకు నింపి, మీటరు సున్నా చేసి, మళ్లీ నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి, ఫోన్‌లో భాగించుకుని ఈ సంగతి మా ఆయనే కనిపెట్టాడు. కనిపెట్టి ఊరుకుంటే బాగుండేది. హైవే మీద పద్నాలుగు వచ్చినప్పుడు పదహారు ఎందుకు రాదన్న పురుగు ఆయన బుర్రలో దూరింది.

దాని సంగతి నాకు మాండవికి పోయిన రోజు తెలిసింది. అక్కడ మా అక్క ఇల్లు కట్టుకుంటుంటే సిమెంటు బస్తాలు వేసుకుని పొద్దున్నే బయల్దేరాం. సర్ఖని దాటాక అడవి. రోడ్డు ఎక్కుతూ, దిగుతూ, అన్నీ మలుపులే. ఎక్కేటప్పుడు బండి మూలుగుతుంటే ఆయన ముఖం చూడాలి, డీజిల్ బదులు తన రక్తమే పోస్తున్నట్టు పెట్టాడు. ఎక్కుడు అయిపోయి దిగుడు మొదలవగానే గేరు న్యూట్రల్‌కి వేసి, చావి వెనక్కి తిప్పి ఇంజన్ ఆపేశాడు.

చప్పుడు పోయింది. కిటికీలోంచి గాలి, కింద టైర్ల రొద, అంతే. బండి చెడిపోయిందనుకుని ఆయన వైపు చూశాను. ఆయన నవ్వుతున్నాడు.

"భయపడకే. గీ దిగుడంత ముఫత్‌ల పోతది, సుక్క డీజిల్ వట్టది. డ్రైవర్లందరు గిట్లనే చేస్తరు."

చాయ్ బండి దగ్గర చెప్పుకునే గొప్ప గొప్ప ఆవరేజ్‌లు ఎక్కడ తయారవుతాయో అప్పుడు అర్థమైంది. బండి వేగం పెరుగుతోంది. వెనక బస్తాల బరువంతా మమ్మల్ని తోస్తోంది. నేను ముందున్న డ్యాష్‌బోర్డును రెండు చేతులా పట్టుకున్నాను. మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా ఆవులు. వాటి మధ్య కర్ర పట్టుకున్న ఒక ముసలాయన, మాకు వీపు పెట్టి నిదానంగా నడుస్తున్నాడు. ఇంజన్ చప్పుడు లేదు కదా, మేమొస్తున్నట్టు ఆయనకు తెలియదు.

మా ఆయన బ్రేకు తొక్కాడు. బండి కొంచెం తగ్గింది. మళ్లీ తొక్కాడు. ఆ తర్వాత పెడలు రాయిలా బిగుసుకుపోయింది. బలమంతా పెట్టి తొక్కుతూ సీట్లోంచి లేచిపోయాడు. స్టీరింగ్ కూడా తిరగనని మొరాయించింది. హారన్ కొట్టాలని ఇద్దరికీ తోచలేదు. చావి తిప్పమని అరిచాను. అరిచింది నేనేనా అని తర్వాత నాకే అనుమానం వచ్చింది.

చావి తిప్పాడు. ఇంజన్ అందుకుంది, పెడలు కిందికి దిగింది. చెయ్యి చాస్తే చివరి ఆవు తోక అందేంత దగ్గర బండి ఆగింది. ముసలాయన వెనక్కి తిరిగి, హారన్ అయినా కొట్టాల్సిందని మరాఠీలో మెల్లగా అని, ఆవుల్ని పక్కకు తోలుకున్నాడు.

నేను దిగి రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాను. మా ఆయన స్టీరింగ్ మీంచి చేతులు తీయలేదు. నేను మళ్లీ ఎక్కి కూర్చున్నాక చెప్పాడు, ఇంజన్ ఆగితే బ్రేకు రెండు మూడు సార్లే మెత్తగా పడుతుందని, ఆ సంగతి తనకు ముందే తెలుసని. నాకు కోపం కంటే భయమే ఎక్కువైంది. తెలియక చేసేవాడికైతే చెప్పొచ్చు. తెలిసి చేసేవాడికి ఏం చెప్పను?

"ఇగ ఎన్నడు ఇంజన్ బంద్ వెట్ట. నీ మీద ఒట్టు," అన్నాడు, నా తల మీద చెయ్యి పెట్టి.

దిగుడులో గేరు తియ్యకుండా యాక్సిలరేటర్ మీంచి కాలు లేపితే చాలని, ఇంజన్ దాదాపు డీజిలే తాగదని, పైగా బండిని పట్టి ఉంచుతుందని తర్వాత సర్వీసింగ్‌లో చెప్పారు. ఆయన బుద్ధిగా తలూపాడు. చాయ్ బండి దోస్తులకు చెబితే వాళ్లు నవ్వారట.

ఇప్పుడు కిరాయిలకు ఆయన ఒక్కడే పోతాడు. ఇంటికి రాగానే నీళ్లు ఇచ్చి ఆవరేజ్ ఎంతొచ్చిందని అడుగుతాను. బండి మీద నాకూ శ్రద్ధ పుట్టిందని మురిసిపోతాడు. తొమ్మిదంటే నా ప్రాణం కుదుటపడుతుంది. రోజంతా ఊళ్లో ఇరుక్కున్నాడన్నమాట, బండి పరుగెత్తలేదన్నమాట. ఆయన ట్రాఫిక్‌ను తిట్టిపోస్తుంటే నేను మనసులో దానికి దండం పెట్టుకుంటాను. బిలోలి వైపు పోయిన రోజు పదమూడో పద్నాలుగో అంటే అదీ సరే. అంతకు మించి వచ్చిందంటే మాత్రం ఎక్కడో దిగుడులో చావి తిప్పాడన్నమాటే.

మొన్న మాండవికి ఇనుప రేకులు వేసుకుని పోయి సాయంత్రానికి వచ్చాడు. నేను అడగకముందే చెప్పాడు.

"ఇయ్యాల పదిహేడు ఇచ్చింది."

శభాష్ అంటానేమోనని నా ముఖంలోకి చూస్తున్నాడు. ఒట్టు సంగతి నోటిదాకా వచ్చింది. అడిగితే రేపటి నుంచి ఆవరేజ్ తగ్గించి అబద్ధం చెబుతాడు, అప్పుడు నాకు ఆ అంకె కూడా మిగలదు. అందుకని మళ్లీ మాండవి కిరాయి ఎప్పుడని మాత్రం అడిగాను.

"రేపే," అన్నాడు.