ప్రమీల మేడం ఇంటర్నెట్ చదువు

తార్నాక శాఖా గ్రంథాలయంలో ప్రమీల ఉద్యోగంలో చేరినప్పుడు ఆమెకు రావలసిన విద్యల్లా ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో చెప్పడమే. నలభై దాటాక కంప్యూటర్ వచ్చింది. పుస్తకాల పేర్లన్నీ అందులోకి ఎక్కించమన్నారు. సగం ఎక్కించేసరికి ఆ సాఫ్ట్‌వేర్ పాతబడింది, ఇంకోటి వస్తోందన్నారు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఆ తర్వాత టెలిఫోన్ తీగ మీద ఇంటర్నెట్. అది కీచుమంటూ కలిసేలోపే జనం విసుక్కుని వెళ్లిపోయేవారు. దాని తిక్కలు అర్థమవుతున్నాయి అనుకునేసరికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టారు. ఈలోగా దరఖాస్తులు, హాల్‌టికెట్లు, ఫలితాలు అన్నీ నెట్‌లోకి వెళ్లిపోయాయి. పుస్తకం అడిగేవాళ్ల కన్నా "మేడం, పాస్‌వర్డ్ మర్చిపోయిన" అనేవాళ్లు ఎక్కువయ్యారు.

మార్పు వచ్చినప్పుడల్లా ఒక శిక్షణ ఉండేది. 2010 శీతాకాలంలో అది యూనివర్సిటీ క్యాంపస్‌లో పెట్టారు. బ్లాగులు, ఈ-పుస్తకాలు, లైబ్రరీకి ఫేస్‌బుక్ పేజీ. తెర మీద బొమ్మలు గబగబా మారిపోతుంటే ప్రమీల రాసుకోలేక పెన్ను పక్కన పెట్టేసింది. బయట తెలంగాణ నినాదాలు. భోజనాల తర్వాత ఎక్కడో ఢాం అని వినబడింది, కాసేపటికి కిటికీల్లోంచి టియర్ గ్యాస్ లోపలికొచ్చింది. పాఠం చెబుతున్నాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "మిగతాది మీ మెయిల్స్‌కి పంపిస్తాం," అని క్లాసు ముగించేశాడు. ఆ మెయిల్ వచ్చింది గానీ, దానితో పంపిన ఫైలు లైబ్రరీ కంప్యూటర్‌లో తెరుచుకోలేదు.

ఆరోజు పోలీసుల ముళ్లకంచెల పక్కనుంచి నడుచుకుంటూ లాలాపేట్‌లోని ఇంటికొచ్చింది. భర్త రత్నకుమార్ రైల్వేలో గుమాస్తా. ఆమె ఎర్రటి కళ్లు చూసి, "ఇంకెన్నాళ్ల సర్వీసు? నాకు రాదని చెప్పి కూర్చోరాదూ," అన్నాడు.

"రాదంటే లైబ్రరీకొచ్చేవాళ్లు ఎవరి దగ్గరికి పోతారండీ," అంది ప్రమీల, మొహం కడుక్కుంటూ.

జనవరిలో, తెలంగాణ సంగతి తేల్చమని ఢిల్లీ వేసిన కమిటీ నివేదిక బయటపెట్టారు. దాన్ని నెట్‌లో ఉంచారని ఉదయం టీవీలో చెప్పారు. మధ్యాహ్నానికి ఒక గుంపు తార్నాకలో ఆఫీసులు మూయించుకుంటూ లైబ్రరీకొచ్చింది. ముందు నడిచినవాడు పరుశురాం. జనగామ వైపు రైతు కుటుంబంలోంచి వచ్చి క్యాంపస్‌లో చరిత్ర పరిశోధన చేస్తున్నాడు. హాస్టల్లో నెట్ పనిచేయని రోజుల్లో ఇక్కడికే వచ్చేవాడు.

"బంద్ చేయాలె మేడం," అన్నాడు, కొంచెం మొహమాటంగా.

"చేస్తాను. రిపోర్టు దిగుతోంది, అది దిగాక."

"ఏ రిపోర్టు?"

ప్రమీల కంప్యూటర్ వైపు చూపించింది. పొద్దుటి నుంచి ఇద్దరు ముగ్గురు దాని కోసమే వచ్చి అడిగి వెళ్లారు. ఊరంతా అదే పని మీద ఉందేమో, ఫైలు సగం దిగి ఆగిపోతోంది, ఆమె మళ్లీ మొదలుపెడుతోంది. ఎన్నిసార్లు మొదలుపెట్టిందో ఆమెకే గుర్తులేదు.

మూయించడానికి వచ్చినవాళ్లు కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. ఒకడు షట్టర్ సగానికి దించాడు. నినాదాలు ఆగిపోయాయి. అందరూ తెర మీద పాకుతున్న పచ్చగీతనే చూస్తున్నారు. చివరికి ఫైలు తెరుచుకుంది. వందల పేజీలు, అంతా ఇంగ్లీషు.

"చివర్న ఏమన్నడో సూడుండ్రి," అన్నారెవరో.

ప్రమీల కళ్లద్దాలు పెట్టుకుని చివరి అధ్యాయం తీసింది. వాక్యం చదవడం, తెలుగులో చెప్పడం. కమిటీ చూపించిన ఆరు మార్గాలూ ఒక్కొక్కటే చెప్పింది. గొంతు ఎండిపోతే పరుశురాం మంచినీళ్ల సీసా అందించాడు. రాష్ట్రం కలిసి ఉండటమే మేలని కమిటీ అనుకున్న చోటికి వచ్చేసరికి ఆమె గొంతు తగ్గింది. కానీ ఒక్క మాట కూడా వదలకుండా చెప్పింది.

వెనకనుంచి ఒక అబ్బాయి అడిగాడు. "మేడం, మీరు ఆంధ్రోళ్లా?"

"మా నాన్నది తెనాలి. రైల్వేలో ఉద్యోగమని వచ్చాడు. నేను మెట్టుగూడ క్వార్టర్స్‌లో పుట్టాను."

"మరి మీకేమనిపిస్తుంది?"

ప్రమీల కళ్లద్దాలు తీసి కళ్లు నొక్కుకుంది. ఆ ప్రశ్న చర్చిలోనూ, బస్సులోనూ, చుట్టాల ఇళ్లలోనూ ఏడాదిగా వింటోంది. "పొద్దుటి నుంచి దీని ముందే కూర్చున్నాను నాయనా. ఇప్పుడు నాకేమీ అనిపించట్లేదు. ఇంటికెళ్లి పడుకోవాలనుంది."

ఎవరో చిన్నగా నవ్వారు. ఆ అబ్బాయి తల దించుకున్నాడు. పరుశురాం ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని లేచాడు. "రోడ్డు మీద పోలీసోళ్లున్నరు మేడం. లాలాపేట్ దాంక నేనొస్త పాండ్రి."

ఇద్దరూ ముళ్లకంచెలు తప్పించుకుంటూ నడిచారు. ఆమె ఇంటి సందు మలుపు దగ్గర అతను అన్నాడు. "మీరు చెప్పకుంటే మాకు టీవీలోళ్ల మాటనే దిక్కయితుండె."

"ఫైలు మళ్లీ దింపుకోనక్కర్లేకుండా జాగ్రత్తగా పెట్టుకో," అంది ప్రమీల.

ఆ వారమే ఆమె ఇంకో కంప్యూటర్ కావాలని పైకి రాసింది. ఆరు నెలల తర్వాత మళ్లీ రాసింది. సకలజనుల సమ్మె వచ్చి పోయింది. చివరికి రాష్ట్రమే వచ్చింది, కంప్యూటర్లు ఆ తర్వాత వచ్చాయి. అప్పటికి అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. కొత్త కంప్యూటర్ల ముందు ఒకరో ఇద్దరో కూర్చునేవారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే "వైఫై ఉన్నదా మేడం?" అని అడిగేవారు. దాని కోసం మళ్లీ ఒక శిక్షణ, ఈసారి ముందు వరసలో ప్రమీల. ఇంకోసారి నెమ్మదిగా చెప్పమని అడగడానికి ఇప్పుడు ఆమెకు సిగ్గు లేదు.

వైఫై ఆమె ఆఖరి ఏడాదిలో వచ్చింది. గ్రూప్స్ పరీక్షలకి చదువుకునే పిల్లలు వారాసిగూడ నుంచీ, క్యాంపస్ హాస్టళ్ల నుంచీ వచ్చేవారు. లైబ్రరీ మూసే వేళయినా మెట్ల మీదే కూర్చుని ఫోన్లలో పాఠాలు చూసుకునేవారు. వెళ్లేటప్పుడు అన్ని స్విచ్చులూ కట్టేయాలని నిబంధన. ప్రమీల లైట్లు ఆర్పేది, ఫ్యాన్లు ఆపేది. బీరువా మీద మినుకుమినుకుమనే ఆ చిన్న వైఫై పెట్టెను మాత్రం అలాగే వదిలేసి, తాళం వేసి, వాళ్ల మధ్యలోంచి దారి చేసుకుంటూ మెల్లగా మెట్లు దిగిపోయేది.