ఎదువినా చెవిపెట్టిన గీజర్

వానలు తెరిపివ్వని వాల్దీవియా ఊళ్లో గీజర్ వేడెక్కకపోతే జనం ఎదువినాను పిలుస్తారు. ఇరవై ఏళ్లుగా గ్యాస్ గీజర్లు బాగుచేస్తున్న ఆమె ముందు చెవిపెట్టి వింటుంది, స్క్రూడ్రైవర్ ఆ తర్వాతే.

ఆ ఉదయం రిగోబెర్తో అనే బడిపంతులు తలమీద సబ్బు నురగతోనే తలుపు తీశాడు.

"అక్కా, మూడు రోజులుగా చన్నీళ్లే! కొత్తది కొనమంటావా?"

"ముందు కుళాయి తిప్పు తమ్ముడూ."

నీళ్లు ధారగా వచ్చాయి. వంటింట్లో పొయ్యి వెలుగుతోంది కాబట్టి గ్యాసూ ఉంది. కానీ గీజర్‌లో మంట అంటించే టిక్‌టిక్ చప్పుడే లేదు. ఎదువినా అడుగున చిన్న మూత తీసి బ్యాటరీలు చూసింది. రెండూ అయిపోయాయి.

"పోయిన వారమే కొత్తవి వేశానే!" అన్నాడతను.

వంటింట్లో రేడియో నాటకం హోరెత్తిపోతోంది. ఎదువినా అటు తిరగగానే రిగోబెర్తో తల్లి క్లొదొమీరా రేడియోను ఒళ్లోకి లాక్కుంది.

"నేనే మార్చాను. నా పాతవి దానికి పెట్టాను. అదేమన్నా కథలు చెబుతుందా?"

"అమ్మా, చలికి బిగుసుకుపోతున్నానే!"

"ఉండరా, ఈ పెళ్లి జరుగుతుందో లేదో తేలనీ."

ఎదువినా పగలబడి నవ్వి కుర్చీ లాక్కుంది. పెళ్లి జరిగేదాకా ముగ్గురూ టీ తాగుతూ విన్నారు. తర్వాత రేడియోలోని బ్యాటరీలు తీసి గీజర్‌లో వేయగానే టిక్‌టిక్‌మని నీలిమంట లేచింది. రిగోబెర్తో స్నానానికి పరుగెత్తాడు.