ఆయమ్మ వారం సెలవు

నాకొక జబ్బుంది. నవ్వకూడని చోటే నవ్వు వస్తుంది. నర్సింగ్ కాలేజీలో దీపం పట్టుకుని ప్రమాణం చేస్తూ నవ్వాను. పెళ్లిచూపుల్లో నవ్వాను, ఆ సంబంధం అక్కడితో సరి. మిర్యాలగూడలో మా ధర్నా రోజు వచ్చిన నవ్వు ఒక్కటే ఎవరికైనా పనికొచ్చింది.

మాది ఆంధ్రా సరిహద్దున ఉన్న కోదాడ. మిర్యాలగూడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరిన కొత్తలో నా మాట విని అందరూ ఆంధ్రా సిస్టర్ అని ఆటపట్టించేవాళ్లు. అక్కడ నాకు పని నేర్పింది కాలేజీ చదువు కాదు, వేములపల్లి నుంచి వచ్చే ఆయమ్మ. మంచం దిగలేనివాళ్లను నొప్పి తెలియకుండా పక్కకు తిప్పడం ఆమె చేతులు చూసే నేర్చుకున్నాను. పదకొండేళ్లుగా ఆమెకు వారానికొక్క సెలవు కూడా లేదు. మాకూ అంతే. ఒకరోజు రౌండ్స్ అయ్యాక ఆమె పెద్ద డాక్టరుగారిని, అంటే ఆసుపత్రి యజమానిని, అందరి తరఫునా ఆ సెలవు అడిగింది. అడగమని ఎగదోసింది మేమే. మర్నాడు వాచ్‌మన్ ఆమెను గేటు దగ్గరే ఆపేశాడు. పనిలోంచి తీసేశారట. మేము మాత్రం యూనిఫాం వేసుకుని ఆమె ముందునుంచే లోపలికి వెళ్లాం. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

సిగ్గు ముదిరి కోపమైంది. నైట్ డ్యూటీ దిగిన నలుగురం ఆయమ్మను వెంటబెట్టుకుని సూర్యాపేట బస్సెక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం, అందరివీ జీరో టికెట్లే, కాబట్టి భయపడి వెనక్కి తిరగడానికి డబ్బుల సాకు కూడా లేదు. అక్కడి యూనియన్ ఆఫీసులో ఒక పెద్దాయన, ఒకప్పుడు రైసు మిల్లులో బస్తాలు మోసిన హమాలీ, మా గోడంతా విన్నాడు. లేబర్ ఆఫీసుకు అర్జీ రాయించాడు, ధర్నాకు రోజు పెట్టాడు, ఆపైన నినాదం నేర్పడానికి లేచాడు. ఆయన "ఆయమ్మను" అంటే మేము "పనిలోకి తీసుకోవాలి" అనాలి. అన్నాం. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మళ్లీ అన్నాం. మాత్ర వేసుకోమని పేషెంటును బతిమాలుతున్నట్టే వచ్చింది.

"మీతోని కాదు గని సిస్టరమ్మా," అన్నాడు చివరికి. "మా హమాలీలు వస్తరు. ఒర్రుడు సంగతి మాకిడ్సిపెట్టుండ్రి."

ధర్నా రోజు ఆసుపత్రి ఎదురుగా టెంటు వేశాం. పేషెంట్లను వదిలేసి వచ్చే మనసు ఎవరికీ లేక, వార్డుకిద్దరిని లోపలే ఉంచాం. పొద్దున పదింటికి హమాలీలు ట్రాక్టర్ల మీద డప్పులతో సహా దిగారు. మొదటి దరువు పడిందో లేదో, మా అందరి వేళ్లూ ఒక్కసారే పెదాల మీదికి వెళ్లాయి. లోపల ఆపరేషన్ అయినవాళ్లున్నారు, అప్పుడే కళ్లు మూసిన పసిపిల్ల ఉంది. ఆలోచించి చేసింది కాదు, అలవాటు. కొండల్లాంటి ఆ మనుషులు చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా వచ్చి కూర్చున్నారు. ఇన్నేళ్లలో ఇలాంటి ధర్నా చూడలేదని పెద్దాయన నా చెవిలో గొణిగి తల పట్టుకున్నాడు.

అంతే, నాకు నవ్వు పట్టుకుంది. చున్నీ నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. అది పక్కామెకు అంటుకుంది, ఆమె నుంచి హమాలీలకు. ఒకాయన నీళ్లు కావాలని సైగ చేస్తే, మాలో ఒకామె సెలైన్ పెట్టమంటావా అని సైగ చేసింది. టెంటంతా నోరు మూసుకుని ఊగిపోతోంది. ఈలోపు లోపల నాలుగో నంబరు గది బెల్లు మోగింది. ధర్నా సంగతే మరిచి ఆరుగురం లేచి పరుగందుకున్నాం. ఆయమ్మ నా చున్నీ పట్టుకుని లాగింది. అక్కడ మనవాళ్లున్నారు, కూర్చోమంది. చూస్తే ఆమె కూడా అప్పటికే సగం లేచి ఉంది.

పేషెంట్ల బంధువులు మొదట నీడ కోసం వచ్చి కూర్చున్నారు. సంగతి తెలిశాక లేవలేదు. నేరేడుచర్ల రైతు ఒకాయన, తన తల్లికి రోజూ తల దువ్వేది ఈ ఆయమ్మేనని, ఆమె కనపడక ముసలామె అన్నం సరిగ్గా తినడం లేదని చెప్పాడు. ఆ మాటకు మాత్రం నా నవ్వు ఆగిపోయింది.

లోపల పెద్ద డాక్టరుగారు గోల కోసం ఎదురుచూస్తున్నారట. గోల మొదలైతే పోలీసులకు చెబుదామని ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నారని డ్యూటీ సిస్టర్లు తర్వాత చెప్పారు. మధ్యాహ్నం దాకా చూసి ఆయనే బయటికి వచ్చారు. అరిచేవాళ్లను చాలామందినే చూసి ఉంటారు గానీ, నోరు మూసుకుని నవ్వే అంతమందిని ఎన్నడూ చూసి ఉండరు. ఆయన గొంతు కూడా దానంతటదే తగ్గింది. పెద్దాయనా ఆయనా పెళ్లిసంబంధం మాట్లాడుకుంటున్నట్టు గుసగుసగా బేరం సాగించారు. అందరికీ వారానికొక సెలవు అని రాసేదాకా పెద్దాయన కాగితం మీంచి వేలు తీయలేదు. సంతకం పెట్టి, డాక్టరుగారు ఆయమ్మను మర్నాటి నుంచి పనిలోకి రమ్మన్నారు.

ఆయమ్మ లేచి కొంగు సర్దుకుంది.

"రేపు గాదు సార్. రేపు నా సెలవు. ఎల్లుండొస్త."

డాక్టరుగారు సరేనని తలూపారు. హమాలీలు డప్పులు చంకన పెట్టుకుని, వాటిని మోగించడానికి సందు చివరిదాకా పరుగెత్తారు. వాళ్ల వెనకే మేమూ పరుగెత్తాం. అక్కడ రోడ్డు మీద మా గొంతులు ఎట్టకేలకు లేచాయి. అప్పటికి అడగడానికి ఏమీ మిగల్లేదు, అయినా ఆయమ్మను పనిలోకి తీసుకోవాలని ఆపకుండా అరిచాం. మాతోపాటు ఆయమ్మ కూడా అరిచింది.

మర్నాడు విజిటర్ల వేళకు ఆమె ఆసుపత్రికి వచ్చింది. ఇస్త్రీ చీర, తలలో కనకాంబరాలు, చేతిలో జామకాయల సంచి. సెలవు రోజున ఏం చేయాలో తోచలేదట. నేరేడుచర్ల ముసలామెను పలకరించి, వచ్చి వరండాలోని కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలు విజిటర్లకే, స్టాఫ్ కూర్చోరాదని గోడ మీద రాసి ఉంటుంది. నేను కంగారుగా అటూ ఇటూ చూశాను.

"పదకొండేండ్ల సంది తుడుస్తున్న బిడ్డా గీ కుర్చీని," అంది. "ఇయ్యాలనే కూసున్న."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆమె సంచిలోంచి ఒక జామకాయ తీసి ఇచ్చింది. నేను డ్యూటీలో ఉన్నాను కాబట్టి ఆమె పక్కన నిలబడే తిన్నాను.