బంతిని వెనక్కి విసిరేవాడు

2001వ సంవత్సరం. పలాసలో ఒక కేబుల్ ఆపరేటర్ దగ్గర నాలుగేళ్లు పని నేర్చుకుని, ఉద్దానంలో సముద్రానికి మూడు కిలోమీటర్లు ఇవతల ఒక ఊళ్లో సొంతంగా కంట్రోల్ రూమ్ పెట్టుకున్నాను. కంట్రోల్ రూమ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. పెరట్లో రెండు డిష్‌లు, పెంకుటింటి గదిలో ఒక ఇనప ర్యాకు, ఒక కుర్చీ, ర్యాకు పక్కనే నా మంచం. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. అమ్మ పోయాక వంటా, పడకా అన్నీ ఆ గదిలోనే. అక్కడి నుంచి వైరు జీడితోటల మీదుగా, కొబ్బరిచెట్టు నుంచి కొబ్బరిచెట్టుకి పాకుతూ ఐదారు పల్లెలకు వెళ్లేది. ఉడతలు కొరికేవి. మట్టలు పడి తెగేవి. ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పట్టేవి.

ఈ పనిలో ఒక విచిత్రం ఉంది. బొమ్మ బాగుంటే ఎవరూ ఫోన్ చెయ్యరు. బొమ్మ పోతే మాత్రం అన్నం ముద్ద నోట్లో ఉండగానే మోగుతుంది. సీరియల్ మధ్యలో సిగ్నల్ పోతే, వాళ్లింటి పెళ్లి నేనే చెడగొట్టినట్టు తిట్టేవారు. నన్ను తలుచుకోవాలంటే ఏదో ఒకటి తెగాలి. కొన్నాళ్లకు అలవాటు పడ్డాను గానీ, ఫోన్ మోగని సాయంత్రాల్లో ఆ గదిలో కూర్చుంటే బావిలో కూర్చున్నట్టే ఉండేది.

డిష్ పట్టిన సిగ్నల్లోంచి ఒక ఛానెల్‌ను విడదీసి ఇచ్చేది రిసీవర్. దాన్ని ఊరి వైరు మీదికి ఎక్కించేది మాడ్యులేటర్. ఒక్కో ఛానెల్‌కి రెండూ ఉండాలి. నా దగ్గర రిసీవర్లకంటే మాడ్యులేటర్లు ఒకటి తక్కువ. అందుకని మామూలు రోజుల్లో చివరి మాడ్యులేటర్ స్పోర్ట్స్ ఛానెల్‌కి ఉంచి, సోమవారం పొద్దున మాత్రం పీకి భక్తి ఛానెల్‌కి తగిలించేవాణ్ని. అలా తగిలించింది మా వీధిలో సూరమ్మ గారి ధాటికి తట్టుకోలేక. ఆవిడ ఒకసారి ఫోన్ చేసి, "ఏటి బాబూ, సోమారం పూట శివయ్య రావాల్సిన సోట ఈ తలకాయలు గుద్దుకునీవోల్లేటి?" అని అడిగారు. శివుడితో, అందులోనూ సూరమ్మ గారితో, పెట్టుకోవడం ఎందుకని ఊరుకున్నాను.

కార్తీకమాసంలో ఒక సోమవారం, తలకాయలు గుద్దుకునేవాళ్ల కోసం ఒకాయన సైకిల్ మీద వచ్చాడు. అరవైకి దగ్గరున్న మనిషి, లుంగీ, పాత ఓడ కంపెనీ టోపీ. గుమ్మంలో నిలబడి గట్టిగా అరిచాడు.

"ఒరే అల్లుడా, నా ఆటెందుకు తీసెత్తన్నావు?"

"ఏ ఆట మావా?"

ఆయన చెవి చూపించి చెయ్యి ఊపాడు. "ఇనబడదు. నా మొకం సూసి నెమ్మదిగా సెప్పు."

అరవడం కోపం కాదని అప్పుడు తెలిసింది. తన గొంతు తనకు వినబడని మనిషి ఆయన. పేరు దానయ్య. ఒడ్డున ఉన్న పల్లె. సోమవారం పొద్దున స్పోర్ట్స్ ఛానెల్లో అమెరికా ఫుట్‌బాల్ వస్తుందట, అది కావాలట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అనుకున్నాను. మాడ్యులేటర్ సంగతి నెమ్మదిగా చెప్పాను. విని, అంటే చూసి, తల దించుకుని సైకిల్ తిప్పుకున్నాడు. అలా వెనక్కి తిరగడం నాకెందుకో నచ్చలేదు. తిట్టి వెళ్లుంటే మరిచిపోయేవాణ్ని.

ర్యాకు మీద చెకింగ్ కోసం ఒక చిన్న కలర్ మానిటర్ ఉండేది. దానికి మాడ్యులేటర్ అక్కర్లేదు, రిసీవర్ నుంచి నేరుగా బొమ్మ వస్తుంది. వెనక నుంచి పిలిస్తే వినబడదు కాబట్టి పరిగెత్తి వెళ్లి భుజం పట్టుకున్నాను. "ఇక్కడికొచ్చి సూసుకో మావా," అన్నాను.

"అందరూ దేవుణ్ని సూసుకోనీ," అన్నాడు దానయ్య మానిటర్ ముందు కూర్చుంటూ. "నాకీ డబ్బా సాలు."

ఆనాటి నుంచి ప్రతి సోమవారం వచ్చేవాడు. ఆయన ఒకప్పుడు సరుకుల ఓడలో ఆయిలర్. ఇంజిన్ గదిలో యంత్రాలకు నూనె, గ్రీజు చూసుకునే పని. ఆ మోతకి చెవులు కొద్దికొద్దిగా పోయి, చివరికి మెడికల్ పరీక్షలో ఫెయిలయ్యాక ఇంటికి పంపేశారు. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడింట్లో ఉండేవాడు. ఇంటినిండా మనుషులే, ఎవరూ చెడ్డవాళ్లు కారు, వేళకి అన్నం పెట్టేవారు.

"సెవిటోడితో ఒక మాట మాటాడాలంటే నాలుగుసార్లు అరవాల. ఎవులు అరుత్తారు?" అన్నాడొకసారి. వాళ్ల మీద నేరంగా చెప్పలేదు, వాన రాలేదని చెప్పినట్టు చెప్పాడు.

ఓడలో తలో దేశం వాడు. ఒకడి మాట ఇంకొకడికి రాదు. భోజనాల గదిలో ఈ ఆట క్యాసెట్లు వేసేవారు. "ఈ ఆటలో రెఫరీ అన్నీ సేతుల్తో సెప్తాడు అల్లుడా. ఇనీవోడికీ, ఇననోడికీ ఒకేలా సెప్తాడు," అన్నాడు దానయ్య. నాక్కూడా నేర్పాడు. రెండు చేతులూ నిటారుగా పైకెత్తితే పాయింట్లు వచ్చినట్టు. చేతులు కిందికి చాపి అడ్డంగా ఊపితే ప్రయత్నం పోయినట్టు. పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు, పోగలిగితే రెఫరీ చెయ్యి ముందుకు చాపుతాడు. మళ్లీ మొదటి నుంచి నాలుగు అవకాశాలు ఇచ్చినట్టు.

లుంగీ మడతలోంచి జీడిపిక్కలు తీసి సిమెంటు నేల మీద పదకొండు ఇటు, పదకొండు అటు పేర్చి ఆట చెప్పేవాడు. మా ఉద్దానంలో జీడిపిక్కలతో ఆడనివాడు లేడు గానీ, వాటితో అమెరికా ఆట ఆడినవాళ్లం మేమిద్దరమే అయివుంటాం. ఒక సోమవారం నాకై నేనే మానిటర్ వాల్యూమ్ తీసేశాను. ఆ కామెంటరీ నాకూ అర్థమయ్యేది కాదు. శబ్దం పోయాక ఇద్దరం సమానమయ్యాం. అప్పటి నుంచే నాకు ఆట తెలియడం మొదలైంది.

డిసెంబర్లో దానయ్య అసలు సంగతి బయటపెట్టాడు. ఆ లీగ్‌లో జట్లు రెండు సగాలు. సీజన్ చివర ఒక్కో సగం నుంచి మేటి ఆటగాళ్లను ఏరి, రెండు ఆల్‌స్టార్ జట్లు చేసి, హవాయి దీవిలో ఆడిస్తారు. ఎంపికకి ప్రేక్షకుల ఓట్లు, ఆటగాళ్ల ఓట్లు, కోచ్‌ల ఓట్లు కలుపుతారు. ఆ ఎంపిక బయటికి రాకముందే ఓడలో వంతులేసుకుని ఎవడి జట్టు వాడు ఎంచుకునేవాడట. ఎవడి ఎంపిక ఎక్కువగా సరిపోతే వాడికి ఆట రోజున ఫ్యాను కింద కుర్చీ.

"నువ్వే ఎంచుకో మావా. నాకేటి తెలుసు?" అన్నాను.

"ఒక్కడే ఎంచుకుంటే అదేటి ఎంపికరా? కాదనీవోడు ఒకడుండాల," అన్నాడు. ఆ మాటకి నేను కూర్చున్నాను. ఓడ దిగాక ఇన్నేళ్లూ ఈయనకు కాదనేవాడు దొరకలేదని అర్థమైంది.

ఆయన నంబర్లు చూసి ఎంచాడు. నేను హెల్మెట్ అందం చూసి ఎంచాను. అన్నీ అయ్యాక ఆయన గుప్పిట్లో ఒక పిక్క మిగిలింది. అది లాంగ్ స్నాపర్ అట. బంతిని తన్నాల్సి వచ్చినప్పుడు ముందు వరసలో వంగి, కాళ్ల సందులోంచి ఏడెనిమిది బారల వెనకున్నవాడికి సూటిగా విసిరేవాడు. పనంతా అంతే.

"ఓడలో ఆయిలర్ని. ఆకర్ని ఎంచుకోడం నా వంతు. ఎవులికీ అక్కర్లేనోడు ఈడొక్కడే మిగిలీవోడు," అన్నాడు దానయ్య. "సరిగ్గా ఇసిరితే ఈడి పేరెవులికీ తెలీదు. తప్పు ఇసిరిన్నాడే తెలుత్తాది. ఈడికి ఓట్లు లేవు. కావాలంటే కోచే పిలుత్తాడు. నా వోణ్ని ఏనాడూ పిలవనేదు."

నేను ర్యాకు వైపు చూశాను.

కొన్నాళ్లకు ఎంపికైన వాళ్ల పేర్లు టీవీలో వేశారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఎంచినా నావే ఎక్కువ సరిపోయాయి. స్నాపర్ పేరు మాత్రం ఎక్కడా రాలేదు. ఆట చూస్తే తప్ప తెలియదు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం చీకటి విడకముందే దానయ్య వచ్చాడు. గదిలో ఉన్న ఒక్క కుర్చీ ఇస్తే కూర్చోలేదు. "గెలిసింది నువ్వు. రూలు రూలే," అని నా మంచం అంచున కూర్చున్నాడు. ఊరికంతా శివుడు వెళ్తున్నాడు, మా ఇద్దరికీ హవాయి ఎండ వచ్చింది. ఆల్‌స్టార్ ఆటలో జెర్సీలు జట్టంతటికీ ఒకటే, హెల్మెట్లు మాత్రం ఎవరి సొంత జట్టువి వాళ్లు పెట్టుకుంటారు. ఛాంపియన్‌షిప్ అయిపోయాక ఆడేది కాబట్టి ఎవరూ పంతానికి పోరు, నవ్వుకుంటూ ఆడుతున్నారు. నవ్వనిది దానయ్య ఒక్కడే. ఆయన జట్టు బంతి తన్నాల్సిన అవసరం రావాలి, అప్పుడే స్నాపర్ దిగుతాడు. మెడ ముందుకు చాచి, మానిటర్‌కి జానెడు దూరంలో మొహం పెట్టాడు.

వచ్చింది. వరస మధ్యలో ఒకడు వంగాడు. ముందు వీపు, తర్వాత హెల్మెట్, నంబరు, దానయ్య ఎంచినవాడివే. బంతి వెనక్కి సూటిగా వెళ్లింది. కెమెరా బంతితో పాటు పోయింది, వాడు మళ్లీ కనబడలేదు.

దానయ్య లేచి రెండు చేతులూ పైకెత్తాడు.

"వొచ్చేడురా. పిలిసేరు," అన్నాడు. కళ్లలో నీళ్లు. అదే ఊపులో వెనక్కి తిరిగాడు, అక్కడ గదినిండా మనుషులు ఉన్నట్టు. వెనక నా బియ్యం డబ్బా, స్టవ్వూ ఉన్నాయి. చేతులు మెల్లిగా దిగిపోయాయి.

"ఎవులికి సెప్పాల?" అన్నాడు. ఆ ఓడని ముక్కలు చేసి అమ్మేశారు. ఆ మనుషులు ఏ దేశాల్లో ఉన్నారో, ఉన్నారో లేదో.

"నాకు సెప్పావు గదా మావా," అన్నాను. ఆయన నా మొహం చూడలేదు. కాబట్టి వినలేదు. ఆ పూట నాకు కలిగినంత దిగులు మా అమ్మ పోయిన రోజున తప్ప ఎప్పుడూ కలగలేదు.

వానలు తగ్గి తరువాతి సీజన్ వచ్చేసరికి ఆ ఛానెల్ ఈ ఆట చూపించడం మానేసింది. డీలర్ని అడిగాను, పైవాళ్ల నిర్ణయం అన్నాడు. అడిగేవాడు దేశం మొత్తంలో నేనొక్కణ్నే అన్నట్టు చూశాడు కూడా. ఆ కబురు మోసుకుని ఒడ్డుకి వెళ్లాను. దానయ్య పడవల పక్కన తమ్ముడి వల సర్దుతున్నాడు. దూరం నుంచే నన్ను చూసి లేచాడు. దగ్గరికెళ్లి నోటితో చెప్పడానికి నాకు మనసు రాలేదు. అక్కడే ఇసుకలో నిలబడి, చేతులు కిందికి చాపి అడ్డంగా ఊపాను.

చేతిలో వల కింద పెట్టాడు. తర్వాత చెయ్యి ముందుకు చాపాడు, మళ్లీ మొదటి నుంచి అన్నట్టు.

దగ్గరికి వెళ్లేసరికి లుంగీ మడతలోంచి పిక్కలు తీసి ఇసుకలో పేరుస్తున్నాడు. "ఎంచు," అన్నాడు.

"ఆట రాదు గదా మావా. ఎవులున్నారో, ఎవులు మానేసేరో కూడా మనకి తెలీదు."

"ఆట రాకపోతే ఎంచుకోడం మానెత్తామేటి?"

పోయినేటి ఆటగాళ్లనే ఎంచుకున్నాం. ఒక్కో పేరుకీ నేను కాదన్నాను, ఆయన అవునన్నాడు. ఎప్పటిలాగే చివరి పిక్క ఆయన గుప్పిట్లో మిగిలింది. దాన్ని వరస మధ్యలో పెట్టి, వేలు నా వైపు చూపించాడు.

"ఈపాలి ఈడు నువ్వు. ఓట్లు లేవు. నాను పిలుత్తన్నాను."

రెండు చేతులూ పైకెత్తాను.

ఫోన్ రాని ఇల్లంటే బొమ్మ బాగున్న ఇల్లు అనుకునేవాణ్ని. దానయ్య మావని చూశాక అలా అనుకోలేకపోయాను. ఫోన్ చేసేవాడికి కనీసం తిట్టడానికి నేనున్నాను, చెయ్యనివాడికి ఎవరున్నారో తెలియదు. వైరు చూడ్డానికి వెళ్లినప్పుడు అలాంటి ఇళ్ల ముందు సైకిల్ ఆపి కాసేపు పలకరించి వస్తాను. చాలాసార్లు టీవీ మాటే రాదు.