సుగుణమ్మ తేలేని బిడ్డ

సుగుణమ్మ మొగుడు గద్వాల సబ్‌జైల్లో వార్డరుగా పనిచేస్తూ గుండెపోటుతో పోయాడు. ఆ కొలువు ఆమెకిచ్చారు. తిమ్మాజిపేటలో కూలిపనులకు పోతూ పెరిగిన మనిషి. ఖాకీ చీర కట్టి తాళాలగుత్తి పట్టుకోవడానికి మొదట్లో సిగ్గుతో చచ్చిపోయింది. పోనుపోను అలవాటు పడింది. జైల్లో ఆడవాళ్లకు ఉన్నది ఒకటే గది. చాలా రోజులు అది ఖాళీగానే ఉండేది. అప్పుడు ములాఖత్‌కు వచ్చిన ఆడవాళ్ల సంచులు చూడటం ఆమె పని. ఎవరైనా ఆడమనిషి రిమాండుకు వస్తే మాత్రం, ఆ మనిషి లోపల ఉన్నంతసేపు సుగుణమ్మ కూడా లోపలే.

రెండువేల ఆరు ఎండాకాలంలో జమ్ములమ్మ వచ్చింది. ఆమెది గట్టు అనే ఊరికి అవతలి పల్లె. బోరింగు దగ్గర వంతు కోసం కొట్లాట జరిగింది. ఇంటిపక్క ముసలామె జమ్ములమ్మ బిందె పక్కకు తోసింది, జమ్ములమ్మ ఆమెను తోసింది. ముసలామె తల గచ్చు అంచుకు తగిలింది. దవాఖానలో పడి ఉండి రెండోరోజు ప్రాణం విడిచింది. జమ్ములమ్మ మొగుడు పుణెలో మట్టిపనికి పోయి ఉన్నాడు. పోలీసులు జీపు తెచ్చి జమ్ములమ్మను ఎక్కించుకొచ్చారు.

జమ్ములమ్మ ఏడవలేదు. గోడకు ఆనుకుని చేతులు రొమ్ములకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. రవిక ముందుభాగం తడిసి ఉంటే చెమట అనుకుంది సుగుణమ్మ. దగ్గరికి పోతే పాలవాసన కొట్టింది.

“బిడ్డ యాడుంది?”

“ఉయ్యాల్ల పండుకున్నడు,” అంది జమ్ములమ్మ. “అత్త పొలం కాడికెళ్లి రాకముందే నన్ను ఎక్కించిన్రు. ఇప్పుడు లేచి ఉంటడు అక్కా.”

ఐదు నెలల పిల్లవాడు.

మర్నాటికి రొమ్ములు రాళ్లలా గడ్డకట్టాయి. ఒళ్లు కాలిపోతోంది. డాక్టరు వచ్చి గోలీలు ఇచ్చి పోయాడు. సుగుణమ్మ ఉడుకునీళ్లలో గుడ్డ ముంచి కాపడం పెట్టి, పాలు పిండుకొమ్మంది. జమ్ములమ్మ మూలకు తిరిగి గిన్నెలోకి పిండుకునేది. నిండిన గిన్నెను మోరీలో పోసేటప్పుడు మాత్రం మొహం పక్కకు తిప్పుకునేది. అది చూడలేక సుగుణమ్మే గిన్నె తీసుకుని పోసి వచ్చేది. తనూ ముగ్గురు పిల్లలకు పాలిచ్చిన ఆడది.

జైలరు శేఖర్ చెడ్డవాడు కాదు. విషయం చెబితే విన్నాడు.

“చిన్నపిల్లల్ని తల్లికాడ ఉంచనీకి రూలే ఉన్నది సుగుణమ్మా. ఇంట్లోళ్లు తెస్తే ఇప్పుడే లోపటికి తీసుకుంట. మనం పోయి గుంజుకరాలేం గద.”

“కబురన్న పంపుండ్రి సార్.”

ఊరి పోలీసుస్టేషనుకు ఫోన్ చేయించాడు. చెప్తామన్నారు. ఎవరూ రాలేదు.

వాయిదాకు కోర్టుకు తీసుకుపోయినప్పుడు జమ్ములమ్మ జడ్జి ముందు నోరు విప్పలేకపోయింది. వెనక నిలబడ్డ సుగుణమ్మే ధైర్యం చేసి, “పాలు తాగే బిడ్డ ఉన్నడు సార్,” అంది. జడ్జి తల ఎత్తి చూశాడు. తేవచ్చు, అభ్యంతరం లేదన్నాడు. అందరూ సరేననేవాళ్లే. బిడ్డ మాత్రం రాలేదు.

బదులు మనిషి వచ్చిన సెలవు రోజున సుగుణమ్మ మామూలు చీర కట్టుకుని గట్టు బస్సెక్కింది. అక్కడినుంచి ఆటోలో పల్లెకు పోయింది. జమ్ములమ్మ అత్త తిమ్మమ్మ వాకిట్లో కూర్చుని, ఒళ్లో పిల్లవాడికి ఉగ్గుగిన్నెతో మేకపాలు పోస్తోంది.

“నేను గద్వాల జైల్ల పనిచేస్త పెద్దమ్మా. నీ కోడలు పాలు పారబోసుకుంట కుములుతుంది. బిడ్డను తీస్కొని నాతోని రా. నేనే దగ్గరుండి చూసుకుంట.”

తిమ్మమ్మ పిల్లవాణ్ణి ఇంకొంచెం దగ్గరికి అదుముకుంది.

“దానికి మొదలు ఒక ఆడపిల్ల పుట్టింది, ఎరుకేనా నీకు? పోయిన ఎండాకాలం జరమొచ్చి నా చేతులల్లనే పోయింది. గీన్ని ఆ గోడల నడ్మ పెట్టి నేను ఇంట్ల ఎట్ల పండుకోవాలె? ఆడ జరమొస్తే రాత్రికి రాత్రి తాళం తీస్తవా నువ్వు?”

సుగుణమ్మ తీస్తానని చెప్పబోయింది. తాళం తీయాలంటే జైలరు రావాలి, బయటికి తీసుకుపోవాలంటే పోలీసుల ఎస్కార్టు రావాలి. అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

“నా కొడుకు వచ్చినంక వానిష్టం,” అంది తిమ్మమ్మ. “నువ్వు మంచిదానివే బిడ్డా. నా బాధ నాది.”

పోయేముందు ఒకసారి ఎత్తుకుంటానని అడిగింది సుగుణమ్మ. పిల్లవాడు ఆమె పైటలోకి మొహం దూర్చి తడుముకున్నాడు. చప్పున తిమ్మమ్మ చేతికి ఇచ్చేసింది.

జైలుకు వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. జమ్ములమ్మ అత్తను ఒక్క మాట అనలేదు.

“సన్నగైండా అక్కా?”

“లేదు. మంచిగున్నడు. మేకపాలు తాగుతుండు.”

మంచిగున్నాడన్న మాటకే జమ్ములమ్మ మొదటిసారి బోరుమని ఏడ్చింది. సుగుణమ్మ పక్కన కూర్చుంది.

రోజురోజుకూ పాలు తగ్గాయి. ఒకనాడు పొద్దున జమ్ములమ్మ రవిక తడుముకుని, “ఇయ్యాల రాలేదక్కా,” అంది. నొప్పి పోయింది. హాయిగా నిద్రపోవచ్చు. ఆ పొద్దు ఆమె అన్నం ముట్టలేదు.

తొలివానలు పడ్డాక మొగుడు పుణె నుంచి వచ్చి, తిరగని చోటు లేకుండా తిరిగి బెయిలు తెచ్చాడు. గేటు బయట తిమ్మమ్మ పిల్లవాణ్ణి చంకనేసుకుని నిలబడింది. జమ్ములమ్మ చేతులు చాచింది. వాడు ఆమెను ఎగాదిగా చూసి, కీచుమని ఏడ్చి ముసలామె మెడను కరుచుకున్నాడు.

“కొత్త గద, నిమ్మళంగ వస్తడు,” అంది తిమ్మమ్మ, తప్పు తనదైనట్టు గొంతు తగ్గించి.

లోపల్నుంచి సుగుణమ్మను ఎవరో పిలిచారు. గేటు వేయాల్సిన పని ఆమెది. వేసింది.

తర్వాత రెండేళ్లకు సుగుణమ్మను నాగర్‌కర్నూల్‌కు మార్చారు. పోయేముందు ఏదో పనిమీద కోర్టుకు పోతే వరండాలో జమ్ములమ్మ కనిపించింది. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. పిల్లవాడు మెట్ల మీద ఎగురుతూ, పడి, “అమ్మా” అని ఏడుస్తూ తిమ్మమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

“ఆమెనే అమ్మ అంటడక్కా. నన్ను పేరు పెట్టి పిలుస్తడు,” అని నవ్వింది జమ్ములమ్మ.

సుగుణమ్మ కూడా నవ్వబోయి, మొహం అటు తిప్పుకుంది. అప్పుడే బంట్రోతు కేసు పిలిచాడు. జమ్ములమ్మ కొంగు సర్దుకుని లోపలికి వెళ్లింది.